ఒకటీ ముప్పావు

నోవై, మిషిగన్
ఫిబ్రవరి 3

ప్రభువునందు ప్రియమైనదానివి, మనుషుల్లో మాత్రం పెంకిదానివి అయిన నవోమికి, నీ వదిన జ్ఞానసుందరి వందనాలు.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితాలేమిటని నీ కోడలు నమ్రత నవ్విందట. ఇలా చెప్పు: ఫోనులో నువ్వు సగమే వింటావు. నీకు వినపడాలని స్పీకరు పెడితే మిగతా సగం ఆవిడ వింటుంది. నాకు పెద్ద రహస్యాలేమీ లేవు గానీ, ఉన్న కాసిని నాకు నచ్చినవాళ్ళకే చెప్పుకోవాలనుంటుంది.

విషయానికొస్తాను. మీ అన్నయ్యకి ట్రాయ్‌లో గది దొరికింది. ఏప్రిల్ ఒకటిన చేరాలి. మా అబ్బాయి కెన్నీ దాన్ని అసిస్టెడ్ లివింగ్ అంటున్నాడు, వృద్ధాశ్రమం అనడానికి నోరు రాక. వాళ్ళు పంపిన ఫొటోలో కిటికీ ఉంది, కిటికీలోంచి చెట్టు కనపడుతోంది, చెట్టు కింద బెంచీ మీద ఒక ముసలాయన నవ్వుతున్నాడు. దేనికి నవ్వుతున్నాడో ఫొటోలో తెలియలేదు. కాగితాల మీద నా సంతకం కూడా కావాలన్నారు. పెట్టాను. మీ అన్నయ్యా పెట్టాడు. పెన్ను చేతికిస్తే పెట్టాడు, చదవలేదు. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి గార్డుగా చేసి, చదవకుండా ఏనాడూ సంతకం పెట్టని మనిషి. నవంబరు నుంచి ఆయన దేనికీ కాదనడం లేదు. అది కూడా కెన్నీకి ఒక జబ్బు లక్షణంలాగే కనిపించింది.

నీకు తెలిసిన కథే అయినా, నేను చేసింది సబబేనని నాకు నేను చెప్పుకోడానికి మళ్ళీ రాస్తున్నాను. సెప్టెంబరు 27 పొద్దున సైకిలు మీద వెళ్ళాడు. మా ఇళ్ళ వెనక చెరువు దగ్గర బాట పల్లంలోకి దిగి వంపు తిరుగుతుంది, అక్కడ పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. కుక్కని తిప్పుతున్నావిడ చూసి అంబులెన్సుని పిలిచింది. సైకిలు ముందు టైరు రిమ్ములోంచి ఊడి వేలాడుతోంది. ఆసుపత్రిలో అడిగిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పింది ఒకటే: "ముందు టైరు ఊడింది. తర్వాత నేను పడ్డాను." డాక్టరు మాత్రం కళ్ళు తిరిగి పడి ఉండవచ్చు అని రాశాడు. ఆ "ఉండవచ్చు" అన్న ముక్క కెన్నీ చదవలేదు. తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. గడియారం బొమ్మ వెయ్యమంటే మీ అన్నయ్య ఇరవై నాలుగు అంకెలు వేశాడు. రైల్వే టైము. మార్కులు కోసేశారు. ఆ సాయంత్రమే కెన్నీ కారు తాళాలు తీసుకున్నాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పాను. ఏది ముందో, దాని నుంచి ఏది వస్తుందో రుజువు చెయ్యండర్రా అని బెత్తం పట్టుకుని అడిగినదాన్ని. నాకూ కెన్నీ మాటే నిజమనిపించింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి కళ్ళు తిరగడం వింతా? పడ్డప్పుడు చక్రం రాతికి కొట్టుకుంటే టైరు ఊడదా?

ఇక ఈ ఉత్తరం ఎందుకంటే, సైకిలు. కెన్నీ కూతురు ఫెబీ ఆన్ ఆర్బర్‌లో చదువుతోంది కదా, "నానమ్మా, తాతయ్య బైక్ నాకు కావాలి, పారేయొద్దు" అంది. ముందు టైరు మళ్ళీ వెయ్యాలి. అది కిందటి సెప్టెంబరులో నువ్వు పంపిందే. "చెల్లాయి పంపిన టైరు, పానా కూడా పట్టకుండా చేత్తోనే ఎక్కింది" అని మీ అన్నయ్య మూడు రోజులు చెప్పుకు మురిశాడు. అదే సైజుది కావాలి. ఎక్కడ కొన్నావో, నంబరేమిటో రాయి.

నీ వదిన
జ్ఞానసుందరి


షామ్‌బర్గ్, ఇల్లినాయ్
ఫిబ్రవరి 12

పూజ్యురాలైన వదినకి,

నీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. అన్నయ్య ట్రాయ్ వెళ్ళడం అంత తొందరగానా? కెన్నీతో ఇంకొకసారి మాట్లాడి చూడకూడదా? ఇంకో డాక్టరుకి చూపించకూడదా? నేను చెప్పే మాట కాదు గానీ, మనసు ఊరుకోదు.

ఇక్కడ మంచు మోకాళ్ళ దాకా ఉంది. కిందటి ఆదివారం చర్చిలో పులిహోర నేను చేసుకెళ్ళాను, ఇంగువ ఎక్కువైందని పాస్టరమ్మగారు మెల్లగా అంది. మెల్లగా అన్నది నాకు వినపడింది, కొత్త హియరింగ్ ఎయిడ్ పెట్టించారు మరి. ఇన్నాళ్ళూ వినపడని మాటలన్నీ వినాల్సి వస్తోంది.

టైరు సంగతి అడిగావు. నిజం చెప్పాలంటే నాకు గుర్తు లేదు. నా మనవడు ఎవాన్ కంప్యూటర్‌లో ఏదో నొక్కాడు, ఏదో వచ్చింది, పంపించాను. కాగితాలు కూడా ఉంచుకోలేదు. ఆ పాత సైకిలు ఎందుకు వదినా? దాన్ని బాగుచేయించి పిల్ల చేతికిస్తే మనసుకి కీడు తోస్తుంది. షాపులకి తిప్పకు, చెత్తబండికి ఇచ్చెయ్యి. ఫెబీకి కొత్త సైకిలు నేను కొనిపెడతాను. వాళ్ళ నాన్నకి మేనత్తని కదా, ఒక కానుక అనుకో.

అన్నయ్య నన్ను అడుగుతున్నాడా? టైరు గురించి ఇంకేమైనా అన్నాడా?

ప్రార్థనలో గుర్తుచేసుకునే
నవోమి


నోవై
ఫిబ్రవరి 24

నవోమీ,

ఒక టీ సంచీని మూడుసార్లు ముంచే మనిషివి, పిల్లకి కొత్త సైకిలు కొంటానన్నావు. నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఈ మధ్య నాకు రావాల్సినవేవీ టైముకి రావడం లేదు.

నువ్వు వద్దన్నావు కాబట్టి షాపుకి వెళ్ళాను.

శనివారం ఫెబీ వచ్చింది. సైకిలు మొత్తం కారులో పట్టదని రెండు చక్రాలూ విప్పి డిక్కీలో పెట్టింది. నేను ఊడిన టైరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సైకిలు షాపులో ఒక పిల్ల ఉంది, చేతులనిండా పచ్చబొట్లు, ముక్కుకి మన పాతకాలం బేసరి లాంటిది. "మేడమ్, ఈ టైరు ఈ చక్రానిదేనా?" అంది. "ఆ చక్రం మీదే ఉంది, ఆ చక్రంలోంచే ఊడింది" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. వెనక చక్రం టైరు మీద రాసింది చూపించింది: 26 x 1.75. నా ఒళ్ళో ఉన్న టైరు మీద చూపించింది: 26 x 1 3/4.

"ఈ రెండూ ఒకటి కాదు" అంది.

నవోమీ, ముప్పై ఒక్క ఏళ్ళు. ఒకటీ ముప్పావు అన్నా ఒకటి పాయింట్ ఏడు అయిదు అన్నా ఒకటేనని ఎన్ని వేలమంది పిల్లల చేత రాయించి ఉంటాను. కాదన్నవాణ్ణి బెంచీ ఎక్కించాను. నేనా పిల్లతో అన్నాను: "అమ్మాయీ, మూడుని నాలుగుతో భాగించు." ఆ పిల్ల, "బడిలో ఒకటే మేడమ్, సైకిళ్ళ దగ్గర కాదు" అంది. అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఫెబీ మంచినీళ్ళు తెచ్చింది.

తర్వాత ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. విను, నాతోపాటు నువ్వూ నోరు తెరువు. టైరు మీద పెద్దక్షరాల్లో రాసే అంగుళాలు ఉట్టి పేరేనట. ఎప్పుడో పాతకాలంలో అది టైరుతో సహా చక్రం ఎత్తు. తర్వాత టైర్ల లావులు మారాయి, రిమ్ములు మారాయి, పేర్లు మాత్రం మారలేదు. అందుకని ఇరవై ఏడు నంబరు రిమ్ము ఇరవై ఎనిమిది నంబరు రిమ్ము కంటే పెద్దది. మళ్ళీ చదువుకో, నేను సరిగ్గానే రాశాను. ఇరవై ఎనిమిదన్నా, ఇరవై తొమ్మిదన్నా, ఏడు వందలన్నా ఇక్కడి సైకిళ్ళలో చాలావాటికి రిమ్ము ఒకటే. మన ఊళ్ళో మీ అన్నయ్య తొక్కిన పెద్ద సైకిలు ఇరవై ఎనిమిది మాత్రం మళ్ళీ వేరు. ఇంత అబద్ధాన్ని రబ్బరు మీద అచ్చేసి ప్రపంచమంతా అమ్ముకుంటున్నారు, లెక్కల టీచర్నైన నాకు ఒక్కరూ చెప్పలేదు.

నిజం చెప్పే అంకెలు వేరే ఉన్నాయి. టైరు పక్కన చీమ తలకాయంత అక్షరాలతో ఉంటాయి. వెనక టైరు మీద 47-559. మొదటిది టైరు లావు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డుకొలత, రెండూ మిల్లీమీటర్లలో. లావు కొంచెం అటూ ఇటూ ఐనా రిమ్ము, చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సందు ఒప్పుకుంటే నడుస్తుందట. రెండో అంకె మాత్రం అచ్చంగా కలవాలి. నా ఒళ్ళో ఉన్న టైరు మీద ఉన్నది 47-571. తేడా పన్నెండు మిల్లీమీటర్లు. నా బొటనవేలి గోరంత.

ఆ పిల్ల ఆ టైరుని రిమ్ముకి తొడిగింది. చేత్తోనే. నవోమీ, అది సన్నబడ్డ చేతికి పాత గాజులా తిరిగింది. "కొత్త టైరు ఇంత తేలిగ్గా ఎక్కిందంటే అక్కడే ఆగిపోవాలి మేడమ్. గాలి తక్కువ కొట్టారేమో, అందుకే నాలుగు రోజులైనా నిలిచింది. గట్టిగా గాలి కొట్టి వంపు తిరిగితే ఊడకుండా ఉండదు" అంది.

ఇరవై ఆరో తేదీ సాయంత్రం మీ అన్నయ్య కొత్త పంపుతో గాలి కొట్టాడు. గట్టిగా కొట్టమని చెప్పింది నేను. నా కళ్ళెదురుగానే కొట్టాడు.

ముందు టైరు ఊడింది. తర్వాత ఆయన పడ్డాడు.

ఇంటికొచ్చి కెన్నీకి చెప్పాను. కెన్నీ ఏమన్నాడో తెలుసా? "అమ్మా, అంటే నాన్న రాంగ్ సైజ్ చెప్పాడన్నమాట. టైరు మీద నంబరు కూడా చూసి చెప్పలేకపోయాడు. ఇది ఇంకా వర్రీ కావాల్సిన సంగతి. రూమ్ వదులుకుంటే మళ్ళీ దొరకదు." నేను చేతికిచ్చిన రుజువుని తిప్పి వాళ్ళ నాన్న మీదే పెట్టాడు. నా కొడుకే, లెక్కల్లో నూటికి నూరు.

కాబట్టి అడుగుతున్నాను. నీకు ఈ సైజు ఎవరు చెప్పారు? ఆయన చెప్పింది ఏమిటి? నువ్వు విన్నది ఏమిటి? ఎవాన్ నొక్కింది ఏమిటి? ఒక్కొక్కటీ విడివిడిగా రాయి. అయిదు వారాలే ఉంది.

జ్ఞానసుందరి


షామ్‌బర్గ్
మార్చి 4

వదినా,

ఎవాన్ ఏమీ నొక్కలేదు. ఆ రోజు వాడు ఇంట్లోనే లేడు. పసివాడి మీద పెట్టి రాశాను, దానికి వేరే క్షమాపణ చెప్పుకోవాలి.

సెప్టెంబరు 14, ఆదివారం. అన్నయ్య పుట్టినరోజుకి ఏం కావాలని నేనే ఫోను చేశాను. గరాజులో ఉన్నాడు. "నాకేం కావాలే చెల్లాయీ, సైకిలు ముందు టైరు పగుళ్ళు ఇచ్చింది, అది పంపు" అన్నాడు. సైజు చూడమన్నాను. వంగినట్టున్నాడు, ఆయాసం వినపడింది. "రాసుకో. ఇరవయ్యారు. ఒకటీ ముప్పావు" అన్నాడు.

నా చెవుల గురించి నువ్వు ఎన్ని జోకులు వేసినా పడతాను గానీ, ఆ రోజు నేను సరిగ్గా విన్నాను వదినా. సరిగ్గా వినడమే చేటయింది. కంప్యూటర్‌లో రెండు కనపడ్డాయి. ఒకదాని మీద చుక్క పెట్టి 1.75. ఇంకోదాని మీద 1 3/4. రెండూ ఒకటేనని నాకూ తెలుసు, మనం పెరిగినదంతా పావు, అర, ముప్పావులతోనే కదా. అన్నయ్య ముప్పావు అన్నాడు, ముప్పావు ఉన్నదాన్నే నొక్కాను. ఆయన చుక్కని చూసి తెలుగులో పలికాడు. నేను తెలుగుని విని భిన్నం రాసుకున్నాను. నువ్వు లెక్కలు చెప్పావు, నేను తెలుగు చెప్పాను. మన ఇద్దరి సబ్జెక్టుల మధ్యా ఆయన పడ్డాడు.

ఇంతవరకు పొరపాటు. ఇక్కడి నుంచి పాపం.

అక్టోబరు 2న, అన్నయ్య ఇంటికొచ్చాడని నువ్వు ఫోను చేసిన రోజు, టైరు ఊడిందన్నాడని చెప్పావు. నేను వెళ్ళి ఆ ఆర్డరు మళ్ళీ తెరిచి చూశాను. దాని కిందే ఎర్రక్షరాలతో ఉంది: ఈ టైరు 1.75 అని చుక్కతో రాసి ఉన్న చక్రానికి పనికిరాదు అని. చదివాను. మూసేశాను.

అయిదు నెలలు, వదినా. ఆయన నిజం చెబుతున్నాడని ఈ భూమి మీద తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నువ్వు ఫోనులో "ఇంకా టైరు టైరు అంటున్నారమ్మా, పాపం" అంటే నేను "పాపం" అన్నాను.

ఎందుకంటావా. అన్నయ్య తాళాలు కెన్నీ తీసుకున్న వారంలోనే మా వాడు నా కారు తాళాల వంక చూశాడు. "మామయ్యకి అలా అయింది, నువ్వూ జాగ్రత్తగా ఉండాలమ్మా" అన్నాడు. తప్పు టైరు ఆర్డరు చేసి అన్నను పడేశానని తెలిస్తే నా తాళాలూ పోతాయి, తర్వాత నాకూ ఒక గది చూస్తారు అనిపించింది. ఆయన్ని ముందుకు తోసి నేను వెనక దాక్కున్నాను. ఇంత చిన్న భయానికి ఇంత పెద్ద అబద్ధం.

ఆర్డరు కాగితం అచ్చు తీసి ఇందులో పెట్టాను. కెన్నీకి చూపించు. నన్ను ఏమన్నా అను.

నవోమి


నోవై
మార్చి 11

నవోమికి.

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నీ తప్పులు దిద్దాలని ఎర్ర కలం కూడా తీశాను. ఒక్క తప్పు లేదు. నీ తెలుగు ఎప్పుడూ బాగుంటుంది.

మీ అన్నయ్య నోటుపుస్తకం తీసి చూశాను. నీకు తెలుసుగా, రిటైరైనా గార్డు పుస్తకం రాయడం మానలేదు. నిలువు గీతలు కొట్టి: టైము, ఏం జరిగింది, ఎంత ఆలస్యం, కారణం. ఆ కారణం గడి ఆయనకి ప్రాణం. ఒకసారి బండి పదకొండు నిమిషాలు ఆగితే "పెద్ద ఆఫీసరుగారి అల్లుడి సామాను ఎక్కించుట" అని రాసి సంజాయిషీ ఇచ్చుకున్నాడు, గడి మాత్రం ఖాళీగా వదల్లేదు. ఆ పుస్తకంలో సెప్టెంబరు 14 కింద ఇలా ఉంది: "16.10. ముందు టైరు 26 x 1.75. నవోమికి ఫోను." చుక్క శుభ్రంగా ఉంది. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి, బుర్ర బాగానే ఉంది. చుక్కని ఎవరు పలుకుతారు?

సెప్టెంబరు 27 తేదీ ఒక్కటే వేసి ఉంది. పక్కన గళ్ళన్నీ ఖాళీ. అక్కడి నుంచి చివరిదాకా పుస్తకమంతా ఖాళీ. నేను అయిదు నెలలు ఆ పుస్తకం మీదే కాఫీ కప్పు పెట్టాను.

నిన్ను ఏమన్నా అనమన్నావు. అనాల్సినవి చాలా పోగుచేశాను. కానీ ఒకటి అడ్డమొస్తోంది. నువ్వు అయిదు నెలలు మాట్లాడలేదు. నేను మాట్లాడాను. రోజూ, అన్నం పెట్టేటప్పుడు: "మీరు కళ్ళు తిరిగి పడ్డారు, ఒప్పుకుంటే మందిస్తారు, ఒప్పుకోండి." మొదటి నెల ఆయన కాదన్నాడు. తర్వాత "నువ్వన్నావుగా, అలాగే" అన్నాడు. దారికొచ్చాడని సంతోషించాను. నీకు తెలిసి ఊరుకున్నావు. నేను తెలుసుకోకుండా సంతకం పెట్టాను. ఇందులో ఎవరి అంకె పెద్దదో నాకు లెక్క తేలలేదు.

నీ కాగితం కెన్నీకి చూపించను. నీ నోటితో చెప్పు. మీ వాడు, నమ్రత అందరూ ఉండగా, స్పీకరు పెట్టి చెప్పు.

జ్ఞానసుందరి


షామ్‌బర్గ్
మార్చి 16

వదినా,

చెప్పాను. నిన్న భోజనాలయ్యాక, అందరూ ఉండగా, స్పీకరు పెట్టి.

కెన్నీ మొదట "అత్తయ్యా, నువ్వు నాన్నని సేవ్ చెయ్యడానికి చెబుతున్నావు" అన్నాడు. ఆర్డరు కాగితం ఫొటో తీసి అప్పటికప్పుడే పంపాను. తేదీ చూసుకోమన్నాను. నా మిషను ఆగిపోయిందేమోనని చెవి మీద రెండుసార్లు కొట్టుకున్నాను. చివరికి "అక్టోబర్‌లోనే తెలుసా నీకు?" అన్నాడు. తెలుసన్నాను. ఫోను పెట్టేశాడు.

నేను నా కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టాను. అడక్కముందే ఇస్తే గౌరవంగా ఉంటుందని. మా వాడు వాటి వంక చూసి, "అమ్మా, ఆ రెండిట్లో నేనైనా ఏదో ఒకటి నొక్కేవాణ్ణి. నాకూ తెలీదు" అన్నాడు. నమ్రత తాళాలు తీసి మళ్ళీ నా సంచీలో వేసింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది దీనికా అని కూర్చుని ఏడ్చాను.

అన్నయ్యకి నేను చెప్పాలా, నువ్వు చెబుతావా? నా మీద కోపమొస్తే రానీ. కోపమైనా రావాలనే ఉంది.

నవోమి


నోవై
ఏప్రిల్ 2

నవోమీ,

నిన్న ఏప్రిల్ ఒకటి. మీ అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఇది ముందు రాస్తే మిగతాది నెమ్మదిగా చదువుతావని.

నువ్వు ఫోను చేసిన మర్నాడు కెన్నీ ఆఫీస్‌కి వెళ్ళలేదు. గరాజులోకి వెళ్ళి ఆ తప్పు టైరు తీసి ముందు చక్రానికి తొడిగాడు. ఎక్కింది. తీశాడు. మళ్ళీ తొడిగాడు. ఆరేడుసార్లు చేశాడు. తర్వాత పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. "అమ్మా, ఆయన మొదటి రోజునుంచీ చెబుతూనే ఉన్నాడు కదా" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. నాకు నోరు లేని రోజు అదొక్కటే, రాసిపెట్టుకో. అక్కడి నుంచే ట్రాయ్‌కి ఫోను చేసి గది వద్దన్నాడు.

వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మళ్ళీ గడియారం వెయ్యమన్నారు. మీ అన్నయ్య పెన్ను పట్టుకుని, "మీదా, రైల్వేదా?" అని అడిగాడు. ఆ డాక్టరమ్మ నవ్వి రెండూ వెయ్యమంది. రెండూ వేశాడు. మూడేళ్ళ కిందటి కంటే మనిషి కొంచెం నెమ్మదించాడు, అది నిజమే, నాకూ తెలుసు. కారు తాళాలు ఇంకా కెన్నీ దగ్గరే ఉన్నాయి. పన్నెండో తేదీన రోడ్ టెస్ట్ పెట్టారు. పాసైతే ఇస్తాడు. కాకపోతే నేను కెన్నీతో పోట్లాడను. ఈసారి మాత్రం ఆయన చెప్పేది ముందు వింటాం.

ఆయనకి నేనే చెప్పాను. టైర్ల పాఠం, నీ ఆర్డరు, నీ అక్టోబరు, అన్నీ. కిటికీ దగ్గర కూర్చుని విన్నాడు. చివరికి, "నేను పొరపాటు పడ్డాను" అన్నాను. పెళ్ళై యాభై ఏళ్ళలో ఈ వాక్యం నేను వాడటం మొదటిసారి.

"ఎన్నింటికి?" అన్నాడు.

"ఏమిటి ఎన్నింటికి?"

"పొరపాటు పడింది. టైము చెబితేగా రాసుకునేది."

లేచి వంటింట్లోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి ఉంచాను.

శనివారం ఫెబీ, ఆయన, నేను ఆ పచ్చబొట్ల పిల్ల షాపుకి వెళ్ళాం. 47-559 ఉన్న టైరు తీసుకున్నాం. పెద్దక్షరాలు ఒక్కటీ చదవలేదు, ముగ్గురం వంగి చిన్నక్షరాలే చదివాం. ఇంటికొచ్చి ఎక్కిస్తే ఎక్కదే. ఆయన ఒక పక్క, ఫెబీ ఒక పక్క, మధ్యలో టైరు ఎత్తే రెండు లివర్లు, ఫెబీ గోరు ఒకటి విరిగింది. అరగంట పట్టింది. ఆఖరి జానెడు టక్కుమని లోపలికి వెళ్ళాక మీ అన్నయ్య చెమట తుడుచుకుని, "చెల్లాయి పంపింది పానా పట్టకుండా ఎక్కినప్పుడే నాకు తెలియాల్సింది. తేలిగ్గా ఎక్కిందని మురిశాను, నా తప్పు కూడా కొంత ఉంది" అన్నాడు. చూశావా, తప్పు పంచుకోడానికి ఇంట్లో వరస కట్టారు.

సైకిలు ఫెబీకి ఇవ్వడం లేదు. తనే వద్దంది.

నీమీద కోపమొస్తే రానీ అన్నావు. కోపముందా అని ఆయన్నే అడిగాను. జవాబు చెప్పకుండా నోటుపుస్తకం తెమ్మన్నాడు. సెప్టెంబరు 27 దగ్గర తెరిచి గళ్ళు నింపాడు. తర్వాత అదే ఒక కాగితం మీద ఎక్కించి, నీకు పంపమని ఇచ్చాడు. ఆఖరి గడి చూసి, "మర్చిపోయారు" అన్నాను.

"మర్చిపోలేదు" అన్నాడు.

కాగితం ఇదిగో.

నీ వదిన
జ్ఞానసుందరి


తేదీ: సెప్టెంబరు 27

8.42. ముందు చక్రం టైరు పట్టాలు తప్పింది.

8.42. గార్డు కూడా.

ఆలస్యం: ఆరు నెలల ఆరు రోజులు.

కారణం: